ముత్యాల బజారులో మంచుయుగం

హైదరాబాద్‌కి సముద్రం లేదు. సముద్రం చూడాలంటే మచిలీపట్నం లాంటి చోటికి పోవాలి. అదీ మూడొందల కిలోమీటర్ల పైమాటే. అయినా ముత్యాలనగానే దేశమంతటికీ గుర్తొచ్చేది ఈ ఊరే. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు... 'చీరలు ఎక్కడైనా తీసుకోండి, ముత్యాలు మాత్రం చార్మినార్ దగ్గరే' అని.

నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా చౌరస్తా వదిలి నాలుగడుగులు వేస్తే పత్తర్‌గట్టీ. రోడ్డుకు రెండువైపులా రాతి కమానుల వరస. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్ళీ తీర్చిదిద్దేందుకు 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి మండలి కట్టించిన బజారిది. ఆ కమానుల నీడలోనే చార్‌కమాన్ దాకా ముత్యాల దుకాణాలు. మెట్ల మీద కాలు పెట్టగానే 'ఆయియే, ఆయియే... రండమ్మా, చూడండి, కొనకపోయినా ఫర్వాలేదు' అనే పిలుపు. లోపల తెల్లటి గుడ్డ మీద దండల కుప్పలు. బియ్యపు గింజల్లాంటివి, బటాణీల్లాంటివి, గుండ్రటివి, సొట్టలు పడ్డవి. అసలువో నకిలీవో తేల్చుకోవాలంటే పంటికి రాసి చూడమంటాడు దుకాణదారు. గరగరమంటే అసలుది. నున్నగా జారిపోతే గాజుపూసే. అప్పటికీ మీ మొహంలో నమ్మకం కనిపించకపోతే జేబులోంచి లైటర్ తీసి ముత్యం కింద వెలిగిస్తాడు. ప్లాస్టిక్ పూత అయితే మాడిపోతుంది, అసలుదైతే మసి తుడిస్తే చాలు, మళ్ళీ మెరుస్తుంది!

ఒకప్పుడు ఇక్కడికొచ్చినవి బస్రా ముత్యాలు. పర్షియన్ గల్ఫ్‌లో ఊపిరి బిగబట్టి మునిగినవాళ్ళు తెచ్చినవి. నిజాముల నగల్లో మెరిసినవి అవే. 2001లో, 2006లో ఆ నగలని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు. జపాన్‌లో ముత్యాల పెంపకం మొదలయ్యాక, గల్ఫ్‌లో చమురు పడ్డాక బస్రా ముత్యాల వేట ఆగిపోయింది. ఇప్పుడు పత్తర్‌గట్టీలో దొరికేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే. బెజ్జాలు వేయడం, తెల్లబరచడం, సైజుల వారీగా ఏరి దండకట్టడం... ఆ పనితనం మాత్రం ఈ ఊరిదే.

ఇంతకీ ముత్యమంటే ఏమిటి? ఎనభై శాతానికి పైగా కాల్షియం కార్బొనేట్. సుద్దరాయి, కోడిగుడ్డు పెంకు, ఇంటికి వేసే సున్నం వచ్చే రాయి... అన్నీ అదే పదార్థం. అందులో కార్బన్ ఉంది. నీళ్ళలో కరిగిన కార్బన్‌ని పట్టుకుని గట్టిపరచడం ఆల్చిప్పకు తెలిసిన విద్య. ఆ విద్య ఆల్చిప్పకు ఒక్కదానికే తెలిసుంటే ఈ కథ నగల దుకాణంలోనే ముగిసేది.

గసగసాల కన్నా చిన్నవి

సముద్రంలో ఇంతకన్నా చిన్న పెంకులు కట్టే జీవులున్నాయి. వాటి పేరు ఫొరామినిఫెరా. ఒకే ఒక్క కణంతో బతికే ప్రాణులు. చాలావాటి పెంకు గసగసాల గింజకన్నా చిన్నది. భూతద్దంలో చూస్తే మాత్రం చిన్నచిన్న ముత్యాలు అతికించినట్టు ఉంటుంది. కొన్ని రకాలు నీటి పైపొరల్లో తేలుతూ బతుకుతాయి. కొన్ని కిలోమీటర్ల లోతున, చిమ్మచీకట్లో, అడుగు బురదలో బతుకుతాయి. చచ్చాక రెండూ అక్కడికే చేరతాయి. వెయ్యేళ్ళకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున బురద పేరుకుంటుంది. పొర మీద పొర. ఓడ మీంచి పొడవాటి గొట్టం దింపి ఆ బురదని నిలువునా పైకి లాగితే వేల ఏళ్ళ దినచర్య చేతికొచ్చినట్టే.

ఏం రాసి ఉంటుంది అందులో? పెంకులోని ఆక్సిజన్‌లో బరువైనదీ, తేలికైనదీ అని రెండు రకాలు. నేల మీద మంచు ఎక్కువగా పేరుకున్న కాలంలో తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు మంచులో చిక్కుకుపోతుంది, సముద్రంలో బరువైనది మిగులుతుంది. పెంకు కట్టిన జీవి ఆ తేడాని దాచిపెడుతుంది. పెంకులోకి చేరే మెగ్నీషియం నీటి వెచ్చదనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అది థర్మామీటర్. ఇక కార్బన్-14 గడియారం. పైన తేలిన పెంకుకూ, అదే పొరలో అడుగున బతికిన పెంకుకూ మధ్య కార్బన్-14 తేడా చూస్తే, ఆ లోతు నీరు గాలిని చూసి ఎన్నాళ్ళయిందో తెలుస్తుంది.

ఈ లెక్కలు గట్టిపడింది 1976లో. మంచుయుగాలు ఎందుకొస్తాయన్నది అప్పటికి చాలా కాలంగా నలుగుతున్న ప్రశ్న. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి, ఇరుసు ఒంపు, దాని ఊగిసలాట... వీటిలో నెమ్మదిగా వచ్చే మార్పులే కారణమని సెర్బియా శాస్త్రవేత్త మిలంకోవిచ్ కాగితం మీద లెక్కలు కట్టి చెప్పాడు. సాక్ష్యం మాత్రం మన హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలోంచి తీసిన రెండు బురద గొట్టాల్లో దొరికింది. హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు వాటిలోని పెంకుల్ని పరీక్షించి లక్ష, 41 వేలు, 23 వేల ఏళ్ళ ఆవృత్తాలు తేల్చారు. ఆకాశంలో జరిగింది అడుగు బురదలో రాసి ఉందన్నమాట!

(ఆకాశం మాటొచ్చింది కాబట్టి... పాతబస్తీ తూర్పున ఉన్న ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో తన సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి వేధశాల పెట్టారు. 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు మారింది. నక్షత్రాల పట్టిక తయారుచేసే ప్రపంచ యజ్ఞంలో హైదరాబాద్‌కీ వాటా దక్కింది అందువల్లే. ఇవాళ ఫిసల్‌బండ ఇరుకు సందుల్లో నడిచేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎందరో!)

అయితే ఒక చిక్కు. కక్ష్యలో మార్పుల వల్ల ఎండలో వచ్చే తేడా చాలా స్వల్పం. అంత చిన్న తోపుడికి భూమి అంతగా ఎలా గడ్డకట్టింది? మిగతా పని చేసిందెవరు?

గాలిలోంచి మాయమైన కార్బన్

చార్మినార్ కింద నిలబడి పైకి చూస్తే మినార్ల మీద పువ్వులు, తీగలు, గొలుసులు. రాతిని చెక్కినవి కావవి, సున్నంతో తీర్చినవి. డంగు సున్నం ఆరడమంటే తడి ఆరడం ఒక్కటే కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొంచెం కొంచెంగా పీల్చుకుని మళ్ళీ రాయిగా మారడం. 1591లో మేస్త్రీలు మెత్తిన ఆ సున్నం పీల్చింది అప్పటి గాలిని. పది లక్షల పాళ్ళ గాలిలో కార్బన్ డయాక్సైడ్ అప్పుడు సుమారు 280 పాళ్ళు. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడింది. అలాంటి చోట్ల మళ్ళీ మెత్తే సున్నం 400 పాళ్ళు దాటిన గాలిని పీలుస్తుంది. ఇప్పుడు ఆ అంకె 420 కూడా దాటేసింది.

నాలుగొందల ఏళ్ళ కిందటి గాలి సంగతి ఎలా తెలిసింది? అంటార్కిటికా మంచు చెప్పింది. ఏటేటా పడే మంచు పొరల మధ్య ఆ కాలపు గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. డోమ్-సి అనే చోట మూడు కిలోమీటర్లకు పైగా తవ్వి 8 లక్షల ఏళ్ళ గాలి చరిత్ర తీశారు. 2025 జనవరిలో ఐరోపా బృందం 2,800 మీటర్ల లోతుకు వెళ్ళి 12 లక్షల ఏళ్ళ నాటి మంచు పట్టుకొచ్చింది. ఆ బుడగల్లో కనిపించేది ఇదీ: వెచ్చటి కాలాల్లో దాదాపు 280 పాళ్ళు, మంచుయుగం ముదిరినప్పుడల్లా 180-190. కక్ష్య చేసిన చిన్న తోపుడుని పెద్దది చేసింది ఈ తగ్గుదలే.

చివరి మంచుయుగం పరాకాష్ఠ సుమారు 21 వేల ఏళ్ళ కిందట. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా కిలోమీటర్ల మందం మంచు కింద ఉన్నాయి. అంత నీరు గడ్డకట్టడంతో సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్లకు పైగా దిగిపోయింది. మనకి మంచు పడలేదు. కానీ నైరుతి రుతుపవనాలు బలహీనపడ్డాయి. ఇవాళ మచిలీపట్నం దగ్గరున్న ఒడ్డు అప్పుడు ఇంకా ఎంతో తూర్పున ఉండేది.

గాలిలోంచి తగ్గిన ఆ 80-90 పాళ్ళ కార్బన్ ఎక్కడికి పోయినట్టు? అడవుల్లోకి పోలేదు. మంచూ, కరువూ పెరిగి అడవులు కుంచించుకుపోయిన కాలమది, నేల కూడా తన కార్బన్‌ని పోగొట్టుకుంది. రాళ్ళు అంత తొందరగా మింగలేవు. ఇక మిగిలింది సముద్రమే. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ఉన్న కార్బన్‌కి సుమారు 60 రెట్లు సముద్రంలో ఉండేది. అంత పెద్ద ఖజానాలో ఇంకాస్త దాచుకోవడం కష్టమేమీ కాదు. ఎలా దాచిందన్నదే ప్రశ్న.

సగం జవాబు చార్మినార్ చుట్టుపక్కల ఏ సోడా బండి దగ్గరైనా దొరుకుతుంది. ఐసులో పెట్టిన సోడా నాలుక మీద చురుక్కుమంటుంది. ఎండలో ఉన్న సీసా మూత తీస్తే సగం గ్యాసు బుస్సుమని పోతుంది. సున్నా డిగ్రీల నీరు, 30 డిగ్రీల నీటికన్నా రెండున్నర రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకుంటుంది. మంచుయుగంలో సముద్రాలు మొత్తం మీద రెండున్నర డిగ్రీల దాకా చల్లబడ్డాయి. దాంతో కొంత గ్యాసు నీళ్ళలోకి పోయింది. కానీ ఆ లెక్కకి వచ్చేది 30 పాళ్ళే. మిగతాది?

దమ్ వేసిన సముద్రం

సాయంత్రమయ్యేసరికి మదీనా నుంచి షాలిబండ దాకా గాలంతా ఒకటే వాసన. బిర్యానీ! దాని కీలకం దమ్‌లో ఉందని వండేవాళ్ళంతా చెబుతారు. డేగ్చా మీద మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసేస్తారు. ఆవిరి చుక్క బయటికి పోకూడదు. లోపలున్నది లోపలే ఉండాలి.

భూమికి అడ్డంగా, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం ఒక పెద్ద డేగ్చా అనుకోండి. మామూలు రోజుల్లో దానికి మూత ఉండదు. ప్రపంచ సముద్రాల అడుగునీరు చివరికి పైకి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. పడమటి గాలులు పైనీటిని పక్కకి తోసేస్తుంటే లోతునీరు పైకి లేస్తుంది. వందల ఏళ్ళుగా అడుగున పోగైన కార్బన్‌ని గాలిలోకి వదులుతుంది. పైపొరల్లో బతికిన సూక్ష్మజీవులు చచ్చి కిందికి రాలి, కుళ్ళి, నీళ్ళలో కలిపిన కార్బనే అది.

మంచుయుగంలో దీని మీద మూత పడింది. అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు ఉత్తరంగా ఎంతో దూరం వ్యాపించింది. అంతకన్నా గట్టి మూత ఇంకోటుంది. అది ఉప్పు. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పుని బయటికి నెట్టేస్తుంది. ఆ చిక్కటి ఉప్పునీరు బరువెక్కి అడుగుకు జారిపోతుంది. అడుగున బరువైన ఉప్పునీరు, పైన తేలిక నీరు... రెండూ కలవవు. సముద్రగర్భపు బురదలో ఇరుక్కున్న నీటిని పిండి చూసినవాళ్ళు 2002లో చెప్పిందేమిటంటే, మంచుయుగంలో లోతు సముద్రాలన్నింటిలోకీ ఉప్పన ఎక్కువ దక్షిణ మహాసముద్రంలోనే, దాని చలి గడ్డకట్టే హద్దుకు దగ్గర్లోనే అని. పెంకుల్లోని కార్బన్-14 కూడా అదే సాక్ష్యమిచ్చింది. ఆ నీరు ఇప్పటికన్నా ఎంతో ఎక్కువ కాలం గాలి మొహం చూడలేదు.

పైనుంచి రాలే సరుకు మాత్రం ఆగలేదు. ఎండిపోయిన నేలల మీంచి లేచిన దుమ్ము దక్షిణ మహాసముద్రంలో పడి, అక్కడి సూక్ష్మజీవులకు కొరతగా ఉన్న ఇనుముని అందించింది. అవి మరింత పెరిగాయి, మరింత కార్బన్‌ని అడుక్కి మోసుకెళ్ళాయి. జాన్ మార్టిన్ అనే శాస్త్రవేత్త 1990లో ఈ మాట గట్టిగా వినిపించాడు. రావడమే గానీ పోవడం లేని ఖజానా నిండక ఏమవుతుంది?

ఉత్తర ధ్రువం వైపు కథ ఇంకా విచిత్రం. దక్షిణాన లోతునీరు గడ్డకట్టేంత చల్లగా ఉంటే, ఆర్కిటిక్, నార్వే వైపు సముద్రాల లోతున ఉల్టా జరిగింది. అక్కడి పెంకుల్ని పరీక్షించిన పరిశోధన 2015లో వెలువడింది. మంచుయుగంలో ఆ లోతునీరు ఇప్పటికన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉందట! గాలితో సంబంధం తెగి 10 వేల ఏళ్ళ దాకా అయిన నీరది. పైన మంచు మూత, అడుగున భూగర్భం నుంచి సన్నగా, నిరంతరంగా వచ్చే వేడి. ఆ వేడి చాలా తక్కువ, రోజుల్లో లెక్కకి రాదు. వేల ఏళ్ళు పోగైతే మాత్రం మాటలు కాదు. సన్నసెగ మీద రాత్రంతా ఉడికే నిహారీ డేగ్చా చూసినవాళ్ళకి ఇది ఆశ్చర్యం కలిగించదు.

మూత తెరుచుకున్నాక

సుమారు 18 వేల ఏళ్ళ కిందట దక్షిణాన మూత లేచింది. మంచు వెనక్కి తగ్గింది, పడమటి గాలులు అంటార్కిటికాకి దగ్గరగా జరిగాయి, లోతునీరు మళ్ళీ పైకి పొంగింది. ఆ పొంగుతోపాటే ఎరువు లాంటి ఖనిజాలు కూడా పైకొచ్చి, గాజు లాంటి పెంకులున్న సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగాయి. వాటి పెంకులు అడుగున మందంగా పేరుకున్న కాలమూ, గాలిలో కార్బన్ పెరిగిన కాలమూ ఒకటేనని 2009లో తేలింది. ఉత్తరాన బందీగా ఉన్న పాత వెచ్చటి నీరు కూడా అట్లాంటిక్‌లోకి బయటపడింది.

ఆ తర్వాతి ఏడు వేల ఏళ్ళలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ 190 నుంచి సుమారు 265 పాళ్ళకు చేరింది. మంచు కరిగింది, సముద్రం పైకొచ్చింది, నైరుతి రుతుపవనాలు మళ్ళీ బలం పుంజుకున్నాయి. దక్కన్‌లో వాగులు నిండాయి. వ్యవసాయం, పల్లె, పట్నం... మనిషి చరిత్రగా మనం చదువుకునేదంతా ఆ తర్వాతి ముచ్చటే.

ఈ పెరుగుదల మెట్లుమెట్లుగా కూడా వచ్చింది. అంటార్కిటికాలో వెయిస్ డివైడ్ అనే చోట తవ్విన మంచులో మూడు చోట్ల గట్టి గెంతులు కనిపించాయి. రెండొందల ఏళ్ళ లోపే 10-15 పాళ్ళు పెరగడం. ప్రకృతి తనంతట తాను వేసిన గెంతుల్లో అవి వేగమైనవి. ఇప్పుడు ఏటా సుమారు రెండున్నర పాళ్ళు పెరుగుతోంది. అంటే అప్పట్లో శతాబ్దానికి పైగా పట్టింది ఇప్పుడు ఐదారేళ్ళలో అయిపోతోంది. పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల దండ కొని, అది తెగి, మళ్ళీ గుచ్చించుకోవడానికి వచ్చేలోపు!

మచిలీపట్నం అడుగున చలి

గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం. అరబ్బులు, పారసీకులు, డచ్చివాళ్ళు అక్కడ దిగి హైదరాబాద్‌కి వచ్చేవాళ్ళు. ఆ తీరంలో పైనీరు 28-30 డిగ్రీలు, స్నానానికి వెచ్చగా ఉంటుంది. అదే బంగాళాఖాతంలో మూడు కిలోమీటర్లు కిందికి దిగితే? రెండు డిగ్రీల దగ్గర! ఫ్రిజ్‌లోని నీళ్ళకన్నా చల్లన. ఉష్ణమండలంలో ఆ చలి పుట్టదు. అంటార్కిటికా ఒడ్డున చల్లబడి, బరువెక్కి, మునిగిన నీరు హిందూ మహాసముద్రం అడుగున నెమ్మదిగా ఉత్తరానికి జరుగుతూ ఇక్కడిదాకా వచ్చింది. ఆ ప్రయాణానికి వందల ఏళ్ళు పట్టింది. అనంతగిరి కొండల్లో పుట్టి, పాతబస్తీని ఒరుసుకుంటూ పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ నీరు చివరికి కలిసేది కూడా అదే సముద్రంలో.

ధ్రువసముద్రాల ఖజానా ఇవాళ్టికీ పనిచేస్తోంది. మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతుకు పైగా సముద్రాలే మింగాయి. అదనంగా పోగైన వేడిలో 90 శాతానికి పైగా వాటిలోనే ఉంది. సముద్రాలు మింగిన కార్బన్‌లో సుమారు 40 శాతం, వేడిలో నాలుగింట మూడొంతులు దక్షిణ మహాసముద్రం గుండానే లోపలికి పోయిందని 2015లో వేసిన ఒక అంచనా. అదే లేకపోతే రోహిణీ కార్తె ఎండలు ఇంకెలా ఉండేవో ఊహించుకోవడం కూడా కష్టం. ఈ మేలు ఊరికే రాదు. 2023లో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టాక ఎన్నడూ లేనంత తగ్గింది. అక్కడ మునిగే అడుగునీరు వెచ్చబడుతోంది, పలచబడుతోంది కూడా.

ఈ లెక్కలు చూసే చోట్లలో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. సముద్రం లేని ఊళ్ళో సముద్రాల ఆఫీసు! 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, నగరం వాయవ్యాన ప్రగతినగర్‌లో. సునామీ హెచ్చరికలు ఇచ్చేదిగా చాలామందికి తెలుసు. హిందూ మహాసముద్రంలో తిరిగే ఆర్గో తేలియాడే యంత్రాల సమాచారం చేరేదీ అక్కడికే. మనిషి ఎత్తు గొట్టం లాంటి ఈ యంత్రం రెండు వేల మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి వేడీ, ఉప్పూ కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపి, మళ్ళీ మునిగిపోతుంది. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి నాలుగు వేల దాకా ఉన్నాయి. ఆరు వేల మీటర్లు దిగగలిగే రకాలు వచ్చాయి గానీ ఇంకా కొద్దిగానే ఉన్నాయి. మంచుయుగపు ఖజానా ఉన్నది ఆ లోతులోనే.

పాతబస్తీకి ఈ కబుర్లతో పనేమిటంటే, నయాపూల్ దగ్గరే మొదలుపెట్టాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మళ్ళీ అలా జరగకూడదని విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి ఆ శతాబ్దపు వానలని బట్టి వేసిన లెక్కలు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుంది. సముద్రం వెచ్చబడితే ఆ తేమ అందించడానికి సిద్ధంగానే ఉంటుంది.

2020 అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం పడమటికి సాగి ఆ రాత్రి హైదరాబాద్ మీద కుమ్మరించింది. ఫలక్‌నుమా చుట్టుపక్కల, అల్ జుబైల్ కాలనీలో, హఫీజ్‌బాబానగర్‌లో నీరు ఇళ్ళని ముంచేసింది. కొన్ని చోట్ల మేడ మీదున్నవాళ్ళు కింది అంతస్తువాళ్ళని పైకి లాక్కున్నారు. బీరువాలు, పెళ్ళికి దాచిన చీరలు, పిల్లల సర్టిఫికెట్లు బురదలో కలిశాయి. చెరువుల నీరు పోయే దారుల్లో ఇళ్ళు లేచిన పాపం సముద్రానిది కాదు, మనదే. 2025 సెప్టెంబర్ చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. ప్రయాణికులని తాళ్ళు పట్టించి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. నయాపూల్‌కి అది కూతవేటు దూరం.